డబ్బా మూత తీస్తే... ఇంటి వాసన!

హార్లిక్స్ సీసా ఖాళీ అయితే మీరేం చేస్తారు? కందిపప్పో, మినప్పప్పో పోసుకుంటారు. డాల్డా డబ్బా ఖాళీ అయితే అడుగున చిల్లు పెట్టి తులసి మొక్క నాటుకుంటారు. నెల్లూరు జిల్లాలో విడవలూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో, రొయ్యల గుంటల మధ్య ఉన్న ఒక పల్లెలో ఒకావిడ మాత్రం ఖాళీ డబ్బా కనిపిస్తే చాలు, ముందు మూత బిగుతుగా పడుతుందా లేదా అని తిప్పి చూస్తుంది. బిగుతుగా ఉంటే దాన్ని కడిగి, ఎండబెట్టి, అటకెక్కిస్తుంది. ఆ అటక మీద తొమ్మిది డబ్బాలున్నాయి.

‘‘ఇదుండాదే, ఇది కుప్వారా పొయ్యొచ్చింది. ఆ పచ్చది లేహ్ రెండుసార్లు చూసొచ్చింది. నేను మాత్రం తిరపతి దాటలా’’ అంటూ నవ్విందావిడ.

ఆమె భర్త సైన్యంలో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కొడుకు అదే దారిలో ఉన్నాడు. పేరు రాయొద్దంది కాబట్టి అక్క అనే అందాం. నేనూ అలాగే పిలిచాను.

సిపాయిల ఊరంటే మనకు వెంటనే పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం గుర్తొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ అక్కడి మగవాళ్ళు ఫౌజులో చేరుతూనే ఉన్నారు. మిలిటరీ మాధవరం అనే పేరే స్థిరపడిపోయింది. మా నెల్లూరు తీరానికి అంత పేరు లేదు. అయినా పల్లెకొకరో ఇద్దరో మద్రాసు రెజిమెంటులోనో, ఫిరంగి దళంలోనో, నేవీలోనో కనబడతారు. ఆ ఒక్కరి కోసం ఇంటి దగ్గర పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్ళ సంగతి రాసేవాళ్ళే తక్కువ.

మూకుడు వంటల వాళ్ళకి బిస్కెట్లేంటి?

నాకూ ముందు ఈ అనుమానమే వచ్చింది. మనవన్నీ మూకుడు వంటలు. అరిసెలు, గవ్వలు, చెక్కలు, మావైపు మణుగుబూలనే జంతికలు... పొయ్యి మీద నూనె కాగితే తప్ప మనకు పండగ రాదు. పెనంలో కాల్చే పోళీలు తప్పిస్తే, నిప్పుల సెగలో పిండిని కాల్చడం మన ఇళ్ళలో లేదు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో బిట్రగుంట రైల్వే కాలనీలో ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు క్రిస్మస్‌కి కేకులు చేసుకునేవి. ఆ ముచ్చట స్టేషను దాటి పల్లెల్లోకి రాలేదు.

అక్క కూడా మొదట్లో అరిసెలే పంపింది. 1998 సంక్రాంతికి, సెలవు మీద వచ్చి తిరిగెళ్తున్న పక్కూరి కుర్రాడి చేతికి డబ్బా ఇచ్చింది. ఆ కుర్రాడికి పాపం తన ఇంటి డబ్బా కాక ఇంకో నలుగురి ఇళ్ళ డబ్బాలూ ఉన్నాయి. నెల్లూరు స్టేషన్లో రైలెక్కితే జమ్మూకి రెండు రాత్రుళ్ళు దాటిపోతాయి, అక్కడి నుంచి మిలిటరీ లారీలు. డబ్బా అయితే క్షేమంగానే చేరింది. భర్త రాసిన జాబులో మాత్రం ఒక వాక్యం ఉందట. అరిసెలు చాలా బాగున్నాయి గానీ, చలికి నెయ్యి పేరుకుని రాయిలా అయ్యాయి, స్టవ్వు మీద వెచ్చబెట్టి తిన్నాము అని.

‘‘ఇంకో సంగతుండాది. ఆయనతో ఉండేవోళ్ళలో ఒకాయన కేరళ, ఇంకొకాయన పంజాబు. అరిసంటే ఏందో వాళ్ళకి చెప్పలేక చచ్చాడంట. బిస్కెట్టయితే ఎవురికీ చెప్పబల్లా. జోబీలో ఏసుకుంటాడు, టీలో ముంచుకుంటాడు, అయిపోయె!’’

ఇంత తేలిగ్గా చెప్పింది గానీ, ఇందులో చాలా తెలివుంది. మంచు ప్రాంతంలో చేతి తొడుగులు తీయడమే ప్రమాదం. ఎత్తు పెరిగే కొద్దీ ఆకలి చచ్చిపోతుంది, నాలుకకు రుచి సరిగా తెలియదు. అన్నం చూస్తే ముఖం తిప్పుకునేవాడు కూడా తియ్యటిది చిన్న ముక్క నోట్లో వేసుకుంటాడు. సైన్యం వాళ్ళకు బాదం, చాక్లెట్లు, డబ్బా ఆహారాలు ఇవ్వకపోలేదు. ఆకలి తీర్చడానికైతే ఇంటి నుంచి ఏమీ పంపనక్కర్లేదు.

ఆ రోజుల్లో అక్క ఇంట్లో ఓవెన్ ఏముంటుంది? మైదా, పంచదార పొడి, వనస్పతి డబ్బా సంచిలో వేసుకుని కోవూరు బస్సెక్కేది. మన చాలా ఊళ్ళలో బేకరీ వాళ్ళు ఇంటి సరుకుతో బిస్కెట్లు చేసి ఇచ్చేవాళ్ళు, కూలి మాత్రం తీసుకుని. రొట్టెల పని అయిపోయాక బట్టీలో సర్వి కట్టెల వేడి ఇంకా మిగిలుంటుంది. ఆ సెగ మీద ఈ ట్రేలు లోపలికి తోస్తారు. అక్క అక్కడే స్టూలు మీద కూర్చుని, చంకలో పిల్లాడితో, చివరి ట్రే బయటికొచ్చేదాకా కదిలేది కాదట. ‘‘నా సరుకులో వాళ్ళ డాల్డా కలపకుండా చూసేదాన్ని’’ అంది. ఏ సరుకు ఎవరిదో అంత లెక్క పెట్టుకోవడం నాకు నచ్చింది.

తిరిగొచ్చిన పార్సిల్

1999 మే నెల. పిల్లాడికి ఏడాది నిండుతోంది. తండ్రి పుట్టినరోజుకి రాలేడని తెలుసు. అప్పటికే రేడియోలో కార్గిల్ పేరు వినబడుతోంది. అక్క కోవూరులో రెండు కిలోల బిస్కెట్లు చేయించి, డబ్బాలో సర్ది, మూత కింద ఒక కాగితం పెట్టింది. ఆ కాగితం మీద అక్షరాల్లేవు. పిల్లాడి రెండు పాదాలూ దాని మీద ఆనించి చుట్టూ పెన్సిలుతో గీసింది, అంతే.

అప్పట్లో పార్సిలంటే తెల్లగుడ్డలో పెట్టి కుట్టి, కుట్ల మీద లక్క ముద్దలు వేయాలి. చిరునామా గుడ్డ మీదే ఇంకుతో రాసింది. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, 56 ఏపీఓ. పోస్టాఫీసుకి పోతుంటే దారిలో వాన. కొంగు కప్పుకుని పోయింది.

జూన్‌లో ఒక జాబు వచ్చింది. తర్వాత ఏమీ లేదు. జూలై అంతా పక్కింటి టీవీ ముందే గడిచింది. జూలై 26న యుద్ధం ముగిసిందన్నారు. మన సైనికులు 527 మంది చనిపోయారని తర్వాత లెక్క తేలింది. ఆమె దగ్గర జాబు లేదు, ఫోను లేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం పోస్టుమాన్ వచ్చాడు. చేతిలో తెల్లగుడ్డ మూట. తన చేతి కుట్లు తనకి తెలియవా! దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసిన చీటీ అంటించి ఉంది. ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. అత్తగారు ఆ మూట చూస్తూనే గుండెలు బాదుకుని ఏడుపు అందుకుంది. ఇరుగుపొరుగు పోగయ్యారు. పిల్లాణ్ణి ఎవరో ఎత్తుకుపోయారు.

‘‘నాకు ఏడుపు రాలా. ఆ చీటీలో ఏముండాదో తెలిస్తే గదా ఏడ్సేది. మూట సంకనేసుకుని బడికాడికి పరిగెత్తా’’ అంది అక్క.

బడిలో మాస్టారు చదివి చెప్పాడు. ‘చిరునామా చదవడానికి వీలుగా లేదు.’ అంతే! వానకి ఇంకు కారి యూనిట్ పేరు, నంబరు అలుక్కుపోయాయి. వెనకవైపు రాసిన తన చిరునామా మాత్రం నిలిచింది. అందుకే తిరిగొచ్చింది. మాస్టారు మూడుసార్లు చదివాక గానీ తను నమ్మలేదట. ఆరు రోజుల తర్వాత భర్త జాబు వచ్చింది.

ఆ డబ్బాను ఆమె ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. కుట్లు కూడా విప్పకుండా మంచం కింద పెట్టింది. నవంబరులో ఆయన సెలవు మీద వచ్చి, తనే కత్తెరతో విప్పాడు. ‘‘ఒక్కటీ మెత్తబళ్ళా. ముక్క వాసన మాత్రం కొంచెం వచ్చింది. వద్దయ్యా అంటున్నా వినకుండా నాలుగు తిన్నాడు.’’ తర్వాత ఆ కాగితం తీసి పిల్లాడి పాదం దాని మీద పెట్టి చూశాడట. గీత దాటి వేళ్ళు బయటికొచ్చాయి.

56 ఏపీఓ ఏ జిల్లాలో ఉంది?

పెళ్ళయిన కొత్తలో అక్క ఇది నిజంగా ఒక ఊరనుకుంది. నవ్వకండి, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది ఊరు కాదు. ఆ నంబరుతో రాసిన ఉత్తరాలూ పార్సిళ్ళూ ముందు సైన్యపు పెద్ద తపాలా కేంద్రానికి చేరతాయి. 56 అయితే ఢిల్లీకి, తూర్పు సరిహద్దు వైపు వాళ్ళ 99 అయితే కోల్‌కతాకి. అక్కడ యూనిట్ల వారీగా విడదీసి, ఆ యూనిట్ ఆ రోజుకి ఎక్కడుంటే అక్కడికి పంపిస్తారు. యూనిట్ జమ్మూ నుంచి సిక్కిం పోయినా ఇంటావిడకు ఊరి పేరు తెలియాల్సిన పనిలేదు, తెలియకూడదు కూడా. చిరునామా మీద పక్కన స్థలం పేరు రాయొద్దని చెప్పేది అందుకే. ఈ పని చేసే ఆర్మీ పోస్టల్ సర్వీస్ 1972 మార్చి 1న ప్రత్యేక దళంగా ఏర్పడింది. అందులో చాలామంది మన తపాలా శాఖ నుంచే డిప్యుటేషన్ మీద వెళ్ళి యూనిఫాం వేసుకున్నవాళ్ళు. ఊళ్ళో పోస్టుమాన్ అన్నయ్యే అక్కడ మంచులో నడుస్తాడన్నమాట!

ఇప్పటికీ ప్రైవేటు కొరియర్ల వాళ్ళు ఈ చిరునామాకి తీసుకెళ్ళలేరు. తపాలా ద్వారానే పంపాలి. అక్క నేర్చుకున్న పాఠం ఒకటి మీరూ గుర్తు పెట్టుకోండి. చిరునామా తడిసినా చెరగని మార్కర్ పెన్నుతో రాసి పైన పారదర్శకమైన టేపు అంటించండి. అదే చిరునామా ఇంకో కాగితం మీద రాసి డబ్బా లోపల కూడా పెట్టండి.

పాత కథలు

యుద్ధానికి పోయినవాడికి తినుబండారం పంపడం మనతో మొదలు కాలేదు. 1914 క్రిస్మస్‌కి బ్రిటిష్ యువరాణి మేరీ పేరుతో చందాలు పోగుచేసి సైనికులకు చిన్న ఇత్తడి పెట్టెలు పంచారు. బ్రిటిష్ వాళ్ళ పెట్టెల్లో పొగాకు, సిగరెట్లు. ఫ్రాన్సులో పోరాడుతున్న మన సిపాయిల కోసం పటికబెల్లం, మసాలా దినుసుల చిన్న డబ్బా సర్దారు. పరాయి దేశపు బురదలో నిలబడ్డవాడికి ఏలకుల వాసన ఏమనిపించి ఉంటుందో!

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆడవాళ్ళ పేరు మీద ఆన్జాక్ బిస్కెట్లున్నాయి. ఓట్స్, చిక్కటి పంచదార పాకం, వెన్న కలిపి చేస్తారు. గుడ్డు ఉండదు. ఓడలో వారాల తరబడి ప్రయాణం చేసినా చెడవని వీటిని సైనికులకు పంపేవాళ్ళని చెప్పుకుంటారు. నిజానికి ఎక్కువ భాగం ఊళ్ళోనే అమ్మి, ఆ డబ్బుతో సైనికులకు సామాన్లు కొనేవాళ్ళని చరిత్రకారుల మాట. ఏదైనా గుడ్డు వద్దనే కిటుకు మాత్రం మనకు పనికొస్తుంది.

ఏది నిలుస్తుంది? ఏది చెడుతుంది?

పదార్థాన్ని పాడుచేసేది తేమ. మన తీరంలో గాలే తడి. సాయంత్రం అప్పడం వేయించి పెడితే రాత్రి భోజనానికి మెత్తబడిపోతుంది కదా! అందుకే బిస్కెట్లు చేసిన రోజునే డబ్బాలో పెట్టాలి. అలాగని వేడి మీద పెట్టారో, ఆవిరి మూతకి పట్టి నీళ్ళై, వారం తిరక్కుండా బూజు. ఫ్యాను కింద ఆరబెట్టి, చేత్తో పట్టుకుంటే చల్లగా తగిలాకే సర్దండి. కొబ్బరి, పాలు, కోవా ఉన్నవి వద్దు. మా నెల్లూరు మలై కాజా ఎంత పేరున్నదైనా ఈ ప్రయాణానికి పనికిరాదు. కేకు తడి సరుకు, పంపకపోతేనే మేలు. బెల్లం గాలిలో తేమ లాక్కుంటుంది కాబట్టి వానాకాలంలో పంచదారే నయం. రస్కులు అన్నిటికన్నా గట్టివి. ఒకసారి కాల్చిన రొట్టెను ముక్కలు కోసి మళ్ళీ కాలుస్తారు కాబట్టి వాటిలో తడి ఉండదు. అసలు బిస్కెట్ అనే మాటకే మొదట్లో రెండుసార్లు వండినదని అర్థం.

డబ్బా అడుగున, వేయించి చల్లార్చిన బియ్యం గుప్పెడు పలచని గుడ్డలో మూటగట్టి పెడుతుంది అక్క. ఉప్పు సీసాలో మనం బియ్యపు గింజలు వేస్తామే, అలాగన్నమాట. ఖాళీల్లో పేపరు ముక్కలు కుక్కదు. బొరుగులు పోస్తుంది! కుదుపులకు బిస్కెట్టు విరగదు, చివర్లో బొరుగులూ తినొచ్చు. చిన్న పొట్లంలో కారప్పొడి కూడా పెడుతుందట. ఇది విన్నాక నాకు నోరూరింది.

ఇంట్లో ఓవెన్ లేనివాళ్ళు కుక్కర్లో చేసుకోవచ్చు. పాత కుక్కరు తీసుకోండి. గాస్కెట్, వెయిటు తప్పకుండా తీసెయ్యాలి. నీళ్ళు పొయ్యకూడదు. అడుగున రెండు వేళ్ళ మందాన శుభ్రం చేసిన పొడి ఇసుక పోసి, దాని మీద చిన్న స్టాండు పెట్టండి. సముద్రపు ఇసుక వద్దు, అందులో ఉప్పూ గవ్వముక్కలూ ఉంటాయి. పెన్న ఇసుకే మేలు. మూత పెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. ఈలోగా అరకప్పు నెయ్యి, అరకప్పు పంచదార పొడి తెల్లగా నురగొచ్చేదాకా గిలక్కొట్టి, ఒక కప్పు మైదా, రెండు చెంచాల శనగపిండి, రెండు చెంచాల బొంబాయి రవ్వ, చిటికెడు వంటసోడా, ఏలకుల పొడి కలపండి. నీళ్ళూ పాలూ చుక్క కూడా వెయ్యొద్దు. నిమ్మకాయలో సగమంత ఉండలు చేసి, కాస్త అదిమి, నెయ్యి రాసిన పళ్ళెంలో ఎడంగా పెట్టి, సన్నటి సెగ మీద ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఉంచండి. తీసేటప్పుడు మెత్తగానే ఉంటాయి, కంగారు పడకండి. చల్లారాక గట్టిపడతాయి.

అత్తా కోడళ్ళ తగువు

1999లో పాదాలు గీయించుకున్న పిల్లాడే ఇప్పుడు లడఖ్‌లో ఉన్నాడు. కోడలిది కావలి, డిగ్రీ చదివింది, ఓవెన్ కొనిపించుకుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ సంచుల్లో సీలు వేసి పంపుతానంటుంది. అత్తగారు డబ్బానే కావాలంటుంది. కిందటి ఏడు కోడలి మాటే నెగ్గింది. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో సగమే ఉంటుంది. సీలు వేసిన సంచులు బెలూన్లలా ఉబ్బి, ఒకటి పగిలి, బిస్కెట్లు పొడైపోయాయని కొడుకు వీడియో కాల్లో చూపించాడట. అక్క ముఖం వెలిగిపోయింది.

‘‘అత్తమ్మా, వీడియోలో చూసుకుంటానే ఉన్నాం కదా, ఇంకా డబ్బాలెందుకు అని మొదట్లో నేనే అన్నాను’’ అంది కోడలు. ‘‘కానీ సిగ్నల్ లేని చోటికి పోతే ఇరవై రోజులు ఫోన్ రాదు. ఆ ఇరవై రోజులు నేనేం చెయ్యాలి? కూర్చోలేను. టీవీ పెట్టలేను. పిండి కలుపుతాను.’’

టీవీ ఎందుకు పెట్టదో అత్తగారు నాకు విడిగా చెప్పింది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సోనమ్ పోస్టు మీద మంచుచరియ పడి మద్రాసు రెజిమెంటు వాళ్ళు పదిమంది చిక్కుకుపోయారు. ఆరు రోజుల తర్వాత ఒక్కరు, కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప, ప్రాణంతో దొరికి, 11వ తేదీన ఢిల్లీ ఆస్పత్రిలో కన్నుమూశారు. చనిపోయినవాళ్ళలో మన కర్నూలు జిల్లా వాసి ముస్తాక్ అహ్మద్ కూడా ఉన్నారు. అప్పటికి కొడుకు ఇంకా సైన్యంలో చేరలేదు. చేరతానని మాత్రం చెప్పేశాడు. ‘‘వద్దని ఎట్టా అంటా? వాళ్ళ నాయన పొయ్యినప్పుడు నన్నెవురన్నా అడిగారా?’’ అంది అక్క. అంతకంటే ఆ సంగతి మాట్లాడలేదు. నేనూ పొడిగించలేదు.

ఒక్కమాట చెప్పాలి. ఈ డబ్బాల్లో కష్టాలు పంపకూడదని వాళ్ళింట్లో ఒక కట్టుబాటు. రొయ్యల గుంట నష్టమొచ్చినా, అత్తగారి మోకాలు వాచినా, చీటీలో రాయరు. నాకు మాత్రం ఇది సరైనదేనా అనిపించింది. అక్కడున్నవాడు ఇంటి మనిషే కదా, ఇంటి సంగతి వాడికి తెలియొద్దా? కోడలూ ఈ విషయంలో నా వైపే. అందుకే మొన్నటి డబ్బాలో అత్తగారికి తెలియకుండా తన జ్వరం సంగతి రాసిందట. ఇప్పుడు తెలిసిపోతుంది మరి!

నేను బయల్దేరేముందు కోడలు అటక మీంచి ఒక డబ్బా దించి చూపించింది. గిన్నె ఇచ్చినవాళ్ళకి ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మన ఇళ్ళలో అంటారు కదా. ఆ అలవాటు తండ్రికి, కొడుక్కి కూడా ఉంది. సెలవుకొచ్చే స్నేహితుడి చేత డబ్బా తిరిగి పంపితే దాన్నిండా ఏదో ఒకటి ఉంటుంది. తండ్రి కాశ్మీర్ నుంచి అక్రోట్లు పంపేవాడు. ఈసారి లడఖ్ నుంచి ఎండబెట్టిన జల్దారు పండ్లు వచ్చాయి. అత్తగారు ఒకటి నోట్లో వేసుకుని, ‘‘పుల్లంగుండాది, చింతపండు బదులు పనికొస్తాదేమో’’ అంది. కోడలు వాటిని సన్నగా తరిగి బిస్కెట్ల పిండిలో కలిపింది. ఆ ట్రే ఇంకా ఓవెన్‌లోనే ఉంది. ఇంకో పది నిమిషాలు కూర్చోమన్నారు. కూర్చున్నాను.